కడలిపై కానవచ్చిన వెలుగులు

ఒక వస్తువును చూచుట వేరు. అది యేమియో తెలియుట వేరు. ఈ రెంటికిని నడుమనున్న దూరమును మరచువారు రెండు తెగలుగా నుందురు. కొందరు చూచిన వెంటనే దానికొక పేరు పెట్టి, పిదప ఆ పేరునే కన్నులార చూచితిమని చెప్పుదురు. మరికొందరు తమకు తెలియనిదానిని ఎవరైన చూచితిమన్నచో, అట్టిది ఉండనేరదని నవ్వుదురు. ఈ రెండు తప్పులలో రెండవది పాఠశాలలందు ఎక్కువగా జరుగును. మా తరగతిలోనే జరిగినది. అందువలననే ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

నిరుడు కాంతినిగూర్చి పాఠము చెప్పుచుండగా, పల్లెపాలెమునుండి వచ్చు బాలుడొకడు లేచి నిలిచెను. తన తండ్రి యొకనాటి రాత్రి సముద్రముమీద వల వేసియుండగా, తూర్పుదిక్కున నీటికి కొంచెము పైగా ఎఱ్ఱని వెలుగొకటి కనబడినదనియు, అది కొంతసేపు నిలిచి, రెండుగా చీలి, మరల ఒకటియై అడగిపోయినదనియు చెప్పి, “అది ఏమిటండి?” అని మమ్ము అడిగెను. మేము జవాబు చెప్పులోపలనే వెనుకబల్లలవారు నవ్విరి. “కొరివిదయ్యము!” అని యొకడు కేకవేసెను. బాలుడు కూర్చుండెను. నవ్వినవారిని మందలించితిమి గాని, గంట కొట్టులోపల పాఠము ముగింపవలెనను తొందరలో ఆ బాలుని మరల లేపి అడుగలేదు. రెండు దినములైన పిదప పిలిచి అడిగినపుడు వాడు తల వంచుకొని, “ఏమీ లేదండి, మా అయ్య పొరబడ్డాడంట” అనెను.

ఆ తండ్రి పొరబడెనో లేదో మాకు తెలియదు. తెలిసికొనదగిన సమయము ఆ నవ్వుతోను, మా తొందరతోను గడచిపోయినది. ఆనాడు ఆ బాలునకు ఇయ్యవలసిన జవాబును ఇప్పుడు విద్యార్థులందరికిని, వారి తలిదండ్రులకును ఇచ్చుచున్నాము.

1. షాగ్ హార్బరు రాత్రి

కెనడా దేశపు తూర్పుతీరమున నోవా స్కోషియా యను రాష్ట్రము గలదు. అట్లాంటిక్ మహాసముద్రములోనికి చొచ్చుకొనిపోయిన ఆ నేల దక్షిణపు కొనయందు షాగ్ హార్బరు అను చిన్న పల్లె యున్నది. అచటివారిలో పెక్కుమందికి సముద్రమే పొలము. 1967వ సంవత్సరము అక్టోబరు 4వ తేదిని, రాత్రి 11 గంటల 20 నిమిషముల ప్రాంతమున, ఆ పల్లెవారు కొందరును, ఆ దారిని కారులో పోవుచున్నవారును ఆకాశమున కొన్ని వెలుగులను చూచిరి. అవి ఏటవాలుగా నీటివైపు దిగెను. ఈల వంటి ధ్వనియు, పిదప పెద్ద చప్పుడును వింటిమని కొందరు చెప్పిరి. తరువాత తీరమునకు కొన్నివందల గజముల దూరమున, నీటిపై ఒక లేత వెలుగు తేలుచు కానవచ్చెను.

చూచినవారికి మొదట తోచినది విమానము కూలినదని. వారిలో ఒకడు టెలిఫోను ఉన్నచోటికి పోయి, సమీపమున బారింగ్టన్ పాసేజి యను ఊరిలోని పోలీసులకు ఆ మాటయే చెప్పెను. పోలీసులు వచ్చి, ఒడ్డున నిలిచి, వారును ఆ వెలుగును చూచిరి. హాలిఫాక్సు నగరమునందలి రక్షణకేంద్రమునకు కబురు పంపి, ఏ విమానమైన తప్పిపోయినదా యని అడిగిరి. నీటిలోనికి పోవుటకు ఏర్పాట్లు జరుగులోపలనే వెలుగు మునిగి కనబడకపోయెను.

పల్లెకారులు ఊరకుండలేదు. అక్టోబరు మాసమున ఆ సముద్రపు నీరు మిక్కిలి చల్లన. అందు పడినవాడు ఎక్కువసేపు బ్రదుకజాలడు. ఈ సంగతి వారికి ఎవరును చెప్పనక్కరలేదు. అర్ధగంట గడవకమునుపే తమ పడవలను విప్పి, ఆ చీకటిలో వెలుగు కనబడిన తావునకు పోయిరి. అచట వారికి మనుష్యులు కనబడలేదు, శవములు కనబడలేదు, విమానపు చెక్కయొక్కటియు దొరకలేదు. నీటిపై పసుపువన్నెగల దట్టమైన నురుగు మాత్రము పరచుకొనియుండెను. తాము నిత్యము చూచు నురుగు అట్టిది కాదని వారు చెప్పిరి. ఇంచుమించు గంటకు తీరరక్షక దళమువారి పడవ క్లార్క్స్ హార్బరు నుండి వచ్చి చేరెను. వారికిని ఏమియు దొరకలేదు.

తెల్లవారిన పిదప హాలిఫాక్సు నుండి వచ్చిన జవాబు అందరిని ఆశ్చర్యపరచెను. ఆ తీరముమీద ఎగిరిన విమానములలో ఒక్కటియు తప్పిపోలేదు. ఈ సంగతి రాజధానియైన అట్టావాకు చేరెను. వైమానిక శాఖవారు నావికాదళమును కోరగా, రెండు దినములకు ఆ దళపు గజయీతగాండ్రు వచ్చి, మూడు దినములు సముద్రపు అడుగును వెదకిరి. దొరికినది ఏమియు లేదని వారి నివేదిక. ప్రభుత్వపు పత్రములందు ఆనాటి వస్తువు “గుర్తు తెలియని ఎగురు వస్తువు” అనియే నిలిచిపోయినది. ఆ దినములలో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయమువారు, ఎడ్వర్డ్ కాండన్ అను భౌతికశాస్త్రవేత్త ఆధిపత్యమున ఇట్టి సంఘటనలను పరిశీలించుచుండిరి. వారును దీనిని తమ నివేదికలో చేర్చిరి గాని ముడి విప్పలేదు. 2019లో కెనడా టంకశాలవారు ఆ రాత్రి జ్ఞాపకార్థము ఒక వెండి నాణెమును సైతము ముద్రించిరి. వస్తువు మాత్రము నేటికిని ఏమియో తెలియదు.

విద్యార్థులారా, “అది ఏమి?” అను ప్రశ్నను ఇచట కొంచెము నిలిపి ఉంచుదము. అట్టి ప్రశ్నలకు ఎక్కడ ఎట్లు జవాబు దొరకినదో ముందుగా చూచి, పిదప మరల ఈ పల్లెకు వత్తము.

2. “ఎవరిదీ నిప్పు?”

జపాను దేశమున దక్షిణదిక్కునగల పెద్ద దీవికి క్యూషూ అని పేరు. దాని పడమటి తీరమున యాత్సుషిరో అను ఇరుకైన సముద్రము గలదు. క్రీ. శ. 720లో ముగిసిన నిహోన్ షోకి యను ప్రాచీన చరిత్రగ్రంథమునందు ఒక వృత్తాంతమున్నది. కేయికో అను చక్రవర్తి ఆ ప్రాంతమున ఓడలో పోవుచుండగా చీకటిపడి, ఒడ్డు ఎచటనున్నదో తెలియకపోయెనట. అంతలో దూరమున ఒక నిప్పు కనబడగా, దానివైపు ఓడను నడిపించి క్షేమముగా తీరము చేరెనట. ఆ నిప్పు ఎవరిదని అచటివారిని అడిగినపుడు, ఎవరిదో తెలియదని వారు చెప్పిరట. నాటినుండి దానికి షిరనుయి, అనగా తెలియని నిప్పు, అను పేరు కలిగినది.

ఈ వెలుగులు ఒక్క చక్రవర్తికే కనబడినవి కావు. వందల సంవత్సరములు ఆ తీరవాసులు వానిని చూచుచుండిరి. వారి చాంద్రమాన పంచాంగమున ఎనిమిదవ మాసపు మొదటి దినము ప్రాంతమున, అనగా చంద్రుడు లేని రాత్రి, తెల్లవారుజామునకు ముందు, సముద్రము మిక్కిలి వెనుకకు తీసిన వేళ అవి కనబడెడివి. మొదట ఒకటి రెండు వెలుగులు పుట్టును. అవి కుడికి ఎడమకు చీలి పదులు, వందలు అగును. సమీపించిన కొలది అవి వెనుకకు జరుగునట్లు తోచును. నీటిమట్టమున నిలిచినవానికి కనబడవు. కొంచెము ఎత్తైనచోట నిలిచినవానికి కనబడును. ఇవి సముద్రమున నివసించు నాగదేవత దీపములని నమ్మి, ఆ రాత్రి పల్లెకారులు చేపలవేటకు పోవుట మానెడివారు.

ఇరువదవ శతాబ్దమున పండితులు ఆ తీరమున రాత్రులు కాచియుండి పరిశీలించిరి. ఏ వేళ కనబడును, ఆటుపోటులు ఎట్లున్నవి, గాలి ఎటు వీచుచున్నది, ఎంత ఎత్తునుండి చూచిన కనబడును అని ఒక్కొక్కటియే వ్రాసికొనిరి. వారికి తేలిన సంగతి యిది: ఆ వెలుగులకు మూలము దూరమున వేటాడుచున్న పల్లెకారుల దీపములే. నీరు తీసినపుడు బయలుపడిన బురదనేల రాత్రి చల్లబడును. దాని ప్రక్క సముద్రపు నీరు వెచ్చగానుండును. ఈ రెంటిమీది చల్లని గాలియు, వెచ్చని గాలియు కలిసి కలియక కదలుచుండగా, వానిగుండ వచ్చు దీపపు కాంతి వంగి, చీలి, ఒకటి పెక్కుగా కనబడెను. ఎవరిదో తెలియదన్న నిప్పు అన్ని దినములును మనుష్యులదియే.

నేడు ఆ తీరమున చాల భాగము పూడ్చి నేల చేసిరి, విద్యుద్దీపములు నిండెను. కావున షిరనుయి దాదాపు కనబడుట లేదు. పూర్వులు చూచినదానిని వ్రాసియుండనిచో, దాని కారణమును వెదకుటకు ఎవరికిని తోచియుండదు.

3. గాలి చేయు మాయ

కాంతి ఎట్లు వంగునో తెలిసికొనుటకు గొప్ప యంత్రములు అక్కరలేదు. ఒక గిన్నెలో రూపాయి బిళ్ల నుంచి, గిన్నె అంచు దానిని కప్పువరకు మెల్లగా వెనుకకు జరుగుడు. మీరు కదలక నిలిచియుండగా మరియొకరు గిన్నెలో నీరు పోయవలెను. కనబడని బిళ్ల కనబడును. బిళ్ల లేవలేదు, దానినుండి బయలుదేరిన కాంతి నీటిని విడుచుచోట వంగి మీ కంటిని చేరినది. మన కన్ను కాంతి నేరుగా వచ్చినదనియే యెంచును గనుక, బిళ్ల పైకి లేచినట్లు తోచును.

గాలియు ఇట్లే చేయును. చల్లని గాలి చిక్కన, వెచ్చని గాలి పలుచన. కాంతి ఎల్లపుడును చిక్కనిగాలి వైపునకే వంగును. వేసవి మధ్యాహ్నమున బాటమీద కనబడు ఎండమావులు మీరందరు చూచినవే. అచట నేలనంటిన గాలి మిక్కిలి వేడెక్కి పలుచనగును. పైనుండి వచ్చు ఆకాశపు కాంతి మీదికి వంగి మన కంటిని చేరగా, నేలమీద నీరున్నట్లు తోచును.

సముద్రముపై పెక్కుమారులు దీనికి విరుద్ధముగా జరుగును. నీటినంటిన గాలి చల్లగాను, దాని పైపొర వెచ్చగాను ఉండును. అప్పుడు కాంతి క్రిందికి వంగి, భూమి గుండ్రదనము ననుసరించి పోవును. చదునుగానున్న సముద్రముపై, కన్ను నీటికి 2 మీటర్ల యెత్తున నున్నవానికి దిగంతము సుమారు 5 కిలోమీటర్ల దూరమున నుండును. 10 మీటర్ల యెత్తునుండి చూచిన సుమారు 11 కిలోమీటర్లు. సాధారణముగా దిగంతమున కావల చాల దూరముననున్న పడవదీపము కనబడరాదు. కాని కాంతి వంగిన రాత్రి ఆ దీపము పైకి లేచి, గాలిలో వ్రేలాడునట్లు కనబడును. గాలిపొరలు ఒకదానిపై నొకటి పెక్కులున్నచో ఒకే దీపము రెండుగా, మూడుగా, తలక్రిందుగా, నిలువుగా సాగి కనబడుటయు కలదు. ఇటలీ దేశమున మెస్సీనా జలసంధిపై కానవచ్చు కోటలకును, గోడలకును ఇదియే కారణము. ఆ దేశస్థులు దానిని ఫాటా మోర్గానా యను మంత్రకత్తె పేరుతో పిలుతురు.

ఇది దూరదేశపు వింత యనుకొనకుడు. మన తూర్పుతీరమున నిలిచి సూర్యోదయము చూచువారందరు దినదినము దీనిని చూచుచునే యున్నారు. సూర్యబింబపు క్రింది అంచు నీటిని విడుచుచున్నట్లు మనకు తోచు సమయమున, నిజమునకు బింబమంతయు ఇంచుమించు దిగంతమునకు దిగువనే యుండును. గాలి దాని కాంతిని వంచి, సూర్యుని వెడల్పునకు సమానమైన మేరకు, అనగా సుమారు అర డిగ్రీ, పైకెత్తి చూపుచున్నది.

మరియొక సంగతి. కటికచీకటిలో ఒంటరిగానున్న చిన్న వెలుగును రెప్పవేయక చూచుచుండినచో, అది నిశ్చలముగానున్నను కదలుచున్నట్లు తోచును. ప్రక్క చెట్టుగాని గోడగాని లేనందున, కదలినది వెలుగో తన కన్నో మనస్సునకు తెలియదు. నడిసముద్రమున చెట్టు లేదు, గోడ లేదు. కావున పల్లెకారుడు నేలమీదివానికంటె ఎక్కువ జాగ్రత్తతో చూడవలసియుండును. అతడట్లు చూచుచునే యున్నాడు. చుక్కలను బట్టియు, గాలిని బట్టియు దారి తెలిసికొని ఇల్లు చేరువాడు ఆకాశము తెలియనివాడు కాడు.

4. పైనుండి చూచినవారు, తీరమున చూచినవారు

తెలియని వెలుగులు చదువురానివారికే కనబడుననుకొనువారు ఈ సంగతి వినవలెను. 2014లో రీడ్ వైజ్‌మన్ అను అమెరికా వ్యోమగామి అంతరిక్ష కేంద్రమునుండి భూమిని చూచుచుండగా, బాంకాకు నగరమునకు ఆవల చీకటి సముద్రముపై ఆకుపచ్చని వెలుగులు విస్తారముగా కనబడినవి. ఆయన ఆ చిత్రమును పంపుచు, నగరము బాంకాకనియు, ఆ పచ్చని వెలుగులేమియో తనకు తెలియదనియు వ్రాసెను. ఆయనను ఎవరును నవ్వలేదు, తెలిసినవారు తెలిపిరి. అవి చేపలపడవల దీపములు. ఆ సముద్రమున స్క్విడ్ అను జలచరమును పట్టుటకు పల్లెకారులు పడవలకు గొప్ప పచ్చదీపములను కట్టుదురు. వెలుగునకు చిన్న జీవులు చేరును, వానికొఱకు స్క్విడ్‌లు వచ్చును. సముద్రమునుండి ఆకాశమును చూచి ఆశ్చర్యపడు పల్లెకారుని దీపములను చూచి, ఆకాశమునుండి ఒక పండితుడు ఆశ్చర్యపడెను. ఆయన తెలియదని వ్రాయుటకు సిగ్గుపడలేదు గనుకనే తెలిసినది.

మన తీరమువారికి తెలియవలసిన మరియొక కారణము గలదు. శ్రీహరికోటనుండి 1971 మొదలుకొని రాకెట్లు ఎగురుచున్నవి. ప్రయోగమునకు ముందు ఆ మేర సముద్రములోనికి పోరాదని పల్లెకారులకు హెచ్చరిక చేయుదురు. చీకటిపడిన కొంతసేపటికిగాని, తెల్లవారకమునుపుగాని రాకెట్టు లేచినచో, క్రింద చీకటిగానున్నను మిక్కిలి యెత్తున దాని పొగకు ఎండ తగిలి, వెలుగు మబ్బువలె విప్పారును. కారణమెరుగనివానికి అది గొప్ప వింత. రాకెట్టు అంచెలు పని ముగిసిన పిదప సముద్రమున పడును. 2023 జూలైలో పశ్చిమ ఆస్ట్రేలియా తీరమునకు పెద్ద గుండ్రని లోహపు వస్తువొకటి కొట్టుకొనివచ్చెను. అది ఏమియో తెలియక మొదట జనులను దూరముగా నుంచిరి. కొద్దిదినములలోనే, అది మన దేశపు పి. ఎస్. ఎల్. వి. రాకెట్టులోని మూడవ అంచె భాగమై యుండవచ్చునని ఆ దేశపు అంతరిక్ష సంస్థవారు ప్రకటించిరి. వస్తువు చేతికి దొరకినందున జవాబు త్వరగా దొరకెను.

5. మరల ఆ పల్లెకు

ఇప్పుడు షాగ్ హార్బరును మరల తలతము. మనము నేర్చిన కారణములను ఒక్కొక్కటిగా ఆ రాత్రికి పెట్టి చూడవలెను. విమానమా? ఒక్కటియు తప్పిపోలేదు. ఉల్కయా? ఉల్క కొన్ని సెకండ్లలో మండి యారును. పోలీసులు వచ్చువరకు నీటిపై తేలియుండదు. గాలిపొరల మాయయా? దూరపు దీపము అట్లు కనబడవచ్చును గాని, చప్పుడు దానివలన పుట్టదు. ఇట్లు ఒక్కొక్క కారణము సాక్ష్యములో కొంత భాగమునకు అతుకును, కొంత భాగమునకు అతుకదు.

సాక్ష్యమును సైతము ఇట్లే పరీక్షింపవలెను. వెలుగు కనబడినది, నురుగు కనబడినది; నిజమే. కాని వెలుగువలననే నురుగు పుట్టెనని నిశ్చయించుటకు ఆధారమేమి? రెండును ఒకే రాత్రి, ఒకే తావున కనబడినవి, అంతమాత్రమే. గజయీతగాండ్రకు ఏమియు దొరకలేదు గనుక ఏమియు పడలేదనవచ్చునా? ఆ ప్రాంతమున ఆటుపోటుల వడి మిక్కిలి హెచ్చు. రెండు దినములు గడచిన పిదప వెదకిరి. కావున అదియు నిశ్చయముగా చెప్పరాదు. ఇతర గ్రహములవారు వచ్చిరందుమా? గుర్తు తెలియదనుటకు అర్థము గుర్తు తెలియదనియే. తెలియనితనము దేనికిని రుజువు కాదు.

కాబట్టి “అది ఏమి?” అను ప్రశ్నకు మా జవాబు “తెలియదు” అనియే. ఉపాధ్యాయులు ఆ మాట పలుకుటకు వెనుదీయరాదు.

కాని ఆ రాత్రినిగూర్చి తెలిసినది ఒకటి గలదు. పల్లెకారులు ఆ వెలుగేమియో తేలువరకు ఒడ్డున నిలిచి వాదింపలేదు. నీటిలో మనుష్యులుండవచ్చునను తలంపు ఒక్కటియే వారికి చాలినది. ఎవరును దొరకనంతమాత్రమున ఆ పోక వ్యర్థము కాదు. తెలియకపోవుట పడవ విప్పకుండుటకు సాకు కాదని వారు చేసి చూపిరి. తిరిగివచ్చి, దొరకనిదానిని దొరకినదనలేదు. చూచిన నురుగును చూడలేదనియు అనలేదు. అక్కరవేళ ధైర్యము, పిదప సత్యము: ఈ రెంటిని వారియొద్ద నేర్చుకొనవలెను.

6. చూచువాడు వ్రాయవలసినది

ఆకాశముననో సముద్రముపైననో తెలియనిదానిని చూచిన విద్యార్థి ఈ క్రింది సంగతులను ఆనాడే వ్రాసికొనవలెను. మరునాటికి జ్ఞాపకము మారును. పదిమందితో మాటలాడిన పిదప మరింత మారును.

మొదటిది తేదియు, గడియారపు వేళయు. ఇవి తెలిసినచో ఆ వేళ ఏ గ్రహము ఉదయించుచుండెనో, చంద్రుడెచటనుండెనో, రాకెట్టు ఎగిరెనో లేదో విచారింపవచ్చును. రెండవది దిక్కు. మూడవది ఎత్తు: చేయి చాచి పిడికిలి బిగించి పట్టినచో దాని వెడల్పు ఆకాశమున సుమారు 10 డిగ్రీలు, చిటికెనవ్రేలి వెడల్పు సుమారు 1 డిగ్రీ. నీటినుండి ఎన్ని పిడికిళ్ల యెత్తుననున్నదో లెక్కింపవలెను. నాలుగవది ఎంతసేపు కనబడెనో. ఐదవది చప్పుడు: వెలుగు కనబడిన తరువాత ఎన్ని సెకండ్లకు వినబడెనో. ధ్వని ఒక కిలోమీటరు పోవుటకు సుమారు 3 సెకండ్లు పట్టును గనుక దూరము తెలియును. ఆరవది ప్రక్కనున్నవారు ఏమి చూచిరో; కాని ఒకరితో నొకరు మాటలాడకమునుపే వేరువేరుగా వ్రాయవలెను. కడపట, వేరొక పంక్తిలో, “నాకు తోచినది” అని తన ఊహను వ్రాయవచ్చును. చూచినది పైపంక్తిలోను, తోచినది క్రింది పంక్తిలోను ఉండవలెను. రెండును ఎన్నడును కలియరాదు.

ఈ యేడు మా తరగతిలో ఇందుకై ఒక పుస్తకమును కుట్టించి ఉంచితిమి. అందు మొదట వ్రాసినవాడు ఆ పల్లెపాలెపు బాలుడే. మేము వాని తండ్రియొద్దకు పోయి, ఆనాడు తరగతిలో జరిగినదానికి మన్నింపుమని అడిగితిమి. ఆయన నవ్వి, వల బాగుచేయుచునే తాను చూచినదంతయు చెప్పెను; కుమారుడు వ్రాసెను. దిక్కు తూర్పు, కొంచెము ఈశాన్యము, ఎత్తు చిటికెనవ్రేలంత, గాలి నేలవైపునుండి వీచుచుండెను, చప్పుడు లేదు. తేది మాత్రము ఆయనకు జ్ఞాపకము లేదు. బాలుడు తరగతిలో లేచినపుడే అడిగియుండినచో జ్ఞాపకముండెడిది. తేది యున్నచో పంచాంగము విప్పి, ఆ వేళ తూర్పున ఉదయించుచుండిన గ్రహమేదైన గలదేమో చూచియుందుము. అది చల్లగాలిలో రెండుగా కనబడిన ఏ పడవదీపమో కావచ్చును. కావచ్చునని మాత్రమే వ్రాసి, దానిని క్రింది పంక్తిలో ఉంచితిమి.

తలిదండ్రులారా, మీ బిడ్డలు వింతను చూచితిమని చెప్పినపుడు నమ్మవలెనని మేము కోరుట లేదు. నవ్వక ముందు వినవలెనని కోరుచున్నాము. విద్యార్థులారా, తోటివాడు లేచి నిలిచి చెప్పునపుడు వాని మాట ముగియువరకు ఓర్చుకొనుడు. ఆ తరువాత ప్రశ్నలు ఎన్నియైన అడుగవచ్చును. విజ్ఞానశాస్త్రము అచటనే మొదలగును.

అభ్యాసము

1. గిన్నెయు, రూపాయి బిళ్లయు గొని పైన చెప్పిన ప్రయోగము చేసి, మీరు చూచినదానిని ఐదు పంక్తులలో వ్రాయుడు.

2. రాత్రి ఆకాశమున ఏదైన ఒక ప్రకాశమైన చుక్కను ఎన్నుకొని, దాని దిక్కును, పిడికిళ్లలో ఎత్తును గంటకొకసారి మూడుమార్లు వ్రాయుడు. ఏమి మారినది?

3. షాగ్ హార్బరు వృత్తాంతమున చూచినవెన్ని, ఊహించినవెన్ని? రెండు వరుసలుగా విడదీయుడు.

4. ఇంటిలో పెద్దలను అడిగి, వారు చూచిన తెలియని వెలుగొకదానిని వారి మాటలలోనే వ్రాసి తెండు. ఏ మాటయు మీరు చేర్చరాదు.